ట్యాంకుకు పడని మందు

అనంతపురంలోని ఆ అపార్ట్‌మెంటులో నలభై కుటుంబాలు తాము వాడిన నీళ్లనే మళ్లీ తాగుతాయి. కింద ట్యాంకులో సూక్ష్మజీవులు మురికిని తినేస్తే, సన్నటి పొరలు వడకట్టి తేట నీళ్లు పైకి పంపుతాయి. బోర్లు ఎండిపోయాక ఊరంతటిదీ అదే బతుకు.

భూలక్ష్మి భర్త ఓబులేసుకు ఊపిరితిత్తుల్లో చీము పట్టింది. డాక్టరు రాసిన ఘాటు మాత్రల మందు మూత్రంతోపాటు ట్యాంకులోకి దిగితే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. అందుకని ఆయన మూత్రాన్ని ఆమె డబ్బాల్లో పట్టి ఉంచేది. వాటిని తీసుకెళ్లే ఆసుపత్రి బండి వారం రోజులుగా రాలేదు. డబ్బాలన్నీ నిండిపోయి, దారిలేక ఆయన బాత్రూముకే వెళ్లాడు.

రెండు రోజులకు ట్యాంకు కుళ్లింది, కుళాయిలు ఆగిపోయాయి. ఎదురింటి రెడ్డెమ్మ పసిబిడ్డను చంకనేసుకుని వచ్చింది. తిట్టలేదు.

“ఇంగ ఎన్ని దినాలు మింగల్ల మీ ఆయన?”

“పది దినాలక్కా.”

“ట్యాంకులో కొత్త జీవాలు పోసినా మళ్లా చస్తాయి గదా. బిడ్డకేం తాపేది, నువ్వే చెప్పు.”

భూలక్ష్మి లోపలికి వచ్చేసరికి ఓబులేసు మాత్రను పిడికిట్లో బిగించి ఉన్నాడు.

“నేనింగ మింగనులే” అన్నాడు దగ్గుతూ.

భూలక్ష్మి ఆ పిడికిలి పట్టుకుని మంచం పక్కనే కూలబడింది. తెరవమనడానికి ఆమెకు నోరు రాలేదు.