వంటింటి తెర మీద మాట

చీరాలలో ఇళ్ల గోడలన్నీ తెరలైపోయాక, ఇంటికి కావలసిన యాప్‌ను ఇంట్లోవాళ్లే రాసుకోవడం వంట నేర్చుకున్నంత మామూలైపోయింది. హైమ మాత్రం ఆలస్యంగా, అవసరం పడి మొదలుపెట్టింది. పక్షవాతంతో అత్తగారు నాంచారమ్మకు మాట పడిపోయింది. ఎడమచేయి మాత్రం ఆడుతోంది. ఆవిడ మంచం పక్క తెర మీద అక్షరాలు తాకితే, ఆ మాట వంటింటి తెర మీదికి రావాలి.

రావడం లేదు. వంటింటి తెర వెలిగి "అత్తయ్య అంటున్నారు" అని చూపిస్తోంది. ఆ కింద అంతా ఖాళీ. నాంచారమ్మ మళ్లీ మళ్లీ తాకి, విసిగిపోయి కళ్లు మూసుకుంది. హైమకు ఏడుపొచ్చినంత పనైంది.

పక్కింటి రఫియా వచ్చి, హైమ రాసినదంతా చదివింది.

"వంటింటి తెరను పిలిచావు గానీ హైమక్కా, మాటను దాని చేతికియ్యలేదు. వట్టి చేతుల్తో వచ్చి నిలబడింది పాపం. పిలిచేటప్పుడే ఇచ్చి పంపు. అక్కడ అందుకోమని కూడా రాయి."

ఇచ్చి పంపడానికొకటి, అందుకోవడానికొకటి, ఆ రెండు వరుసలూ హైమ తనే యాప్‌లో రాసింది. అత్తగారికి అన్నం తినిపించి, "ఇంకొక్కసారి ప్రయత్నించండత్తయ్యా" అని బతిమాలి, పళ్లెంతో వంటింట్లోకి వచ్చింది. తెర వెలిగింది.

"పప్పులో ఉప్పు తక్కువ."

కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ మాట వింటే హైమకు ఒళ్లు మండేది. ఇప్పుడు పళ్లెం గట్టు మీద పడేసి ఆవిడ దగ్గరికి పరిగెత్తింది.

"రేపు సరిగ్గా వేస్తాలెండి," అంది కళ్లు తుడుచుకుంటూ.

నాంచారమ్మ వేలు అప్పటికే తర్వాతి మాటకు అక్షరాలు వెతుకుతోంది.