బరువు దింపిన సారు

ఉదయం తొమ్మిదిన్నరకు ల్యాబులో పది కంప్యూటర్లూ ఆన్ అయ్యాయి. పదింటి మీదా నీలిరంగు తెర తప్ప ఇంకేమీ లేదు. కింద ఉండాల్సిన పట్టీ లేదు, మెనూ లేదు, గడియారం కూడా లేదు.

పదకొండింటికి ఇన్‌స్పెక్షన్.

సారంగపాణికి చెమటలు పట్టాయి. హన్మకొండలోని ఆ జూనియర్ కాలేజీలో ఆయన కంప్యూటర్ సారు. పన్నెండేళ్ల నాటి డబ్బాలను తుక్కుకు పోకుండా ఆపింది తనేనని కనపడ్డవాళ్లందరికీ చెబుతాడు. అది నిజమే. విండోస్ తీసేసి, దాని బదులు ఉచితంగా దొరికే లైనక్స్ వేశాడు. అందులోనూ బరువు తక్కువ డెస్క్‌టాప్ ఎంచుకున్నాడు. తెర మీది మెరుపులు తీసేశాడు, నీడలు తీసేశాడు. ముసలి డబ్బాలు పరుగెత్తాయి.

అక్కడితో ఆగితే ఆయన సారంగపాణి ఎందుకవుతాడు? నిన్న సాయంత్రం ఇంకా బరువు దింపాడు. ఇదెందుకు, అదెందుకు అంటూ ఒక కంప్యూటర్లో కనపడ్డదల్లా పీకేసి, అవే సెట్టింగ్స్ మిగతా తొమ్మిదింటికీ ఎక్కించి ఇంటికి పోయాడు. ఏమేం పీకాడో ఎక్కడా రాసుకోలేదు.

రాసుకోవడం ఆయనకు నామోషీ.

"మా అమ్మ పచ్చిపులుసు రాసుకొని చేస్తదా?" అంటాడు పైకి. లోపలి మాట వేరు. రాసిపెడితే ఎవరైనా చదువుతారు. చదివితే ఇక తనతో పనేముంటుంది?

ఆ ల్యాబులో రాసే పిచ్చి ఉన్నది భవానికొక్కదానికే. ఇంటర్ చదివే ఈ పిల్ల ములుగు అవతలి ఊరి నుంచి రోజూ మొదటి బస్సుకు వస్తుంది. ఆమె గొంతు ఆమెకే సరిగా వినపడదు. సారు ఏ సెట్టింగ్ ముట్టుకున్నా తన ల్యాబ్ రికార్డు పుస్తకంలో నంబర్లు వేసి మరీ ఎక్కిస్తుంది. పోయిన నెల ఆ రికార్డును సంతకానికి తెచ్చింది.

"ఏంది భవానీ ఇది? కంప్యూటర్ రికార్డా, లగ్గం సామాన్ల లిస్టా?"

క్లాసంతా ఘొల్లుమంది. సారు ఎర్ర పెన్ను తీసి, ఒక్క ముక్కా చదవకుండా, ప్రతి పేజీ కిందా 'ఇదంతా టైం వేస్ట్' అని రాసి పూర్తి పేరుతో సంతకం పెట్టి పుస్తకం బల్ల మీద పడేశాడు.

ఇప్పుడా పిల్ల మూల కంప్యూటర్ దగ్గర నిలబడి ఉంది.

"సార్, నేను..."

"నువ్వు జర సప్పుడు జేయకు. ఇది పెద్దోళ్ల పని. పెద్దోళ్లనే అడుగుతాన."

పెద్దోళ్లంటే గురువుగారు. ఫోన్లో తెలుగు లైనక్స్ గ్రూపు ఒకటుంది. అందులో 'పాతపెట్టె' అనే పేరుతో ఉంటాడాయన. ఫొటో ఉండదు. అడిగిన నిమిషంలో జవాబు వస్తుంది. ఆరు నెలలుగా సారంగపాణి పరువు నిలబెడుతున్నది ఆయనే. బెంగళూరులో రిటైరైన పెద్ద ఇంజనీరని, వెండి జుట్టు, బంగారు ఫ్రేము కళ్లద్దాలు ఉంటాయని సారంగపాణి తనకు తానే తేల్చేసుకున్నాడు.

"అంత పెద్దాయన నన్ను సార్ అని పిలుస్తడు! సంస్కారమంటే అదీ," అని స్టాఫ్ రూములో మురిసిపోతాడు.

ఫోను తీసి గ్రూపులో టైప్ చేశాడు. 'గురువుగారూ, పది కంప్యూటర్లలో కింది ప్యానెల్ పట్టీ మాయమైంది. పదకొండింటికే ఇన్‌స్పెక్షన్. కాపాడండి.'

'నిన్న సాయంత్రం ఏమేం తీశారో రాసుకున్నారా సార్?'

'లేదు. మొదటి నుంచి ఎట్లా పెట్టాలో మీ దగ్గర రాసి ఉంటే ఫొటో పంపండి.'

ఈసారి జవాబు రాలేదు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. సారంగపాణి గోళ్లు కొరుక్కుంటూ తలెత్తాడు. భవాని ఫోను పట్టుకుని బిక్కచచ్చిపోయి ఉంది.

"ఇయ్యాల గూడ ఫోనేనా? ఈడ నా పానం పోతాంది! లోపల పెట్టు!"

"ఒక్క నిమిషం సార్," అంది భవాని. ఆ పిల్ల ఎదురు చెప్పడం అదే మొదలు.

తిట్టబోయేంతలో ఫోను మోగింది. ఫొటో! రూళ్ల కాగితం మీద గుండ్రటి అక్షరాలు, నంబర్లు వేసిన మెట్లు. సాక్షాత్తూ గురువుగారి చేతిరాత. సారంగపాణి ఫోనును కళ్లకద్దుకున్నాడు. ఫొటోను పెద్దది చేసి, ఒక్కో మెట్టూ చదువుతూ పని మొదలుపెట్టాడు. తొమ్మిదో మెట్టుకే పట్టీ, మెనూ, గడియారం తిరిగొచ్చాయి. ఇక కిందికి చూసే తీరిక ఎక్కడిది? మిగతా తొమ్మిది కంప్యూటర్ల మీద పడ్డాడు.

పదకొండింటికి ఇన్‌స్పెక్షన్ అధికారి సుకన్య మేడం ప్రిన్సిపాల్‌తో కలిసి లోపలికొచ్చింది. నాలుగు కంప్యూటర్లు నొక్కి చూసింది.

"పాతవైనా బాగా నడుస్తున్నాయే! ఈ సెట్టింగ్స్ అన్నీ ఎక్కడ రాసిపెట్టారు?"

"రాసుడెందుకు మేడం? అంతా ఈడ్నే ఉన్నది," అని సారంగపాణి తన తల చూపించాడు.

"రేపు మీకు జ్వరమొస్తే? రాతలో లేకపోతే ఈ ల్యాబును ఒప్పుకోను. కంప్యూటర్లు తుక్కుకు పంపించేయండి."

ప్రిన్సిపాల్ ఒక్కసారి సారంగపాణి వైపు చూశాడు. ఆ చూపులో కంప్యూటర్లతో పాటు కంప్యూటర్ సారు కూడా తుక్కు బండి ఎక్కేశాడు.

"ఉన్నది మేడం, ఉన్నది!" సారంగపాణి గబగబా ఫోను తీశాడు. "మా గురువుగారు రాసిండ్రు. బెంగళూరాయన. ముప్పై ఏండ్ల సర్వీసు. రాస్తే గిట్ల రాయాలె అని నేను పిల్లలకు ఎప్పుడు జెప్తనే ఉంట."

ఆ చివరి మాట భవాని వైపు తిరిగి మరీ అన్నాడు. భవాని నేల చూపులు చూసింది.

మేడం ఓపిగ్గా చదివింది. ముఖం విప్పారింది. "చాలా బాగుందండీ! ఏమీ రానివాళ్లు కూడా దీన్ని చూసి చేసుకోవచ్చు."

సారంగపాణి ఛాతీ రెండంగుళాలు ఉబ్బింది.

మేడం వేలితో ఫొటోను పైకి జరిపి, పేజీ అడుగున కళ్లు చిట్లించి చూసింది.

"మరి, ఇంత మంచి నోట్స్ కింద ఎర్ర ఇంకుతో 'ఇదంతా టైం వేస్ట్' అని రాసి సంతకం పెట్టిన ఈ సారంగపాణి ఎవరండీ?"