పాము నంబరు

బూటులో కాలు పెట్టగానే అనన్యకు చురుక్కుమంది.

విదిలిస్తే మూరెడు పాము జారి గుమ్మం ముందు పడింది. నల్లటి ఒళ్ళు. అడ్డంగా తెల్లటి కట్లు.

"కట్లపాము," అన్నాడు శశికాంత్.



తెనాలి పొలాల్లో పెరిగినవాడు. అది కరిస్తే నొప్పి పెద్దగా ఉండదని, తెల్లారేసరికి ఊపిరి ఆగిపోతుందని చిన్నప్పుడే విన్నాడు. గొడుగుతో దాన్ని కొట్టి చంపాడు. బట్టలారేసే నైలాన్ తాడు తెంచి భార్య చీలమండ పైన బిగించాడు.

1999 నవంబరు. ఆదివారం ఉదయం పది. సింగపూర్‌లోని యూ టీ పేటలో వాళ్ళు అద్దెకుంటున్న ఫ్లాట్. ఇద్దరూ వైటూకే ప్రోగ్రామర్లు, రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోకుండా సరిచేసేవాళ్ళు. సెలవు రోజు కూడా ఆఫీసుకు బయలుదేరుతుంటే ఇలా జరిగింది.

కేక విని పక్క ఫ్లాట్లోంచి సీతారామారావు అంకుల్ వచ్చాడు. బాపట్ల మనిషి. సింగపూర్ వచ్చి ఇరవై ఏళ్ళు.

శశికాంత్ ఆంబులెన్సుకు ఫోన్ చేయబోతే చేయి పట్టుకున్నాడు.

"ముందు మంత్రం పడాలయ్యా. పడకుండా కదిలిస్తే విషం పైకెక్కుద్ది. ఇక్కడి డాక్టర్లకి మన కట్లపాము ఏం తెలుసు?"

బాపట్ల పక్క ఊళ్ళో ఒకాయన పాముకాటుకు ఫోన్లోనే మంత్రం వేస్తాడట. కాటు పడినవాళ్ళ పేరు చెబితే చాలు. ఆ చుట్టుపక్కల ప్రతి ఇంట్లో ఆ నంబరు రాసి ఉంటుందట. అంకుల్ డైరీలో కూడా ఉంది. పేరు రాయలేదు. 'పాము' అని మాత్రం రాసుకున్నాడు.

శశికాంత్ ఆ నంబరుకు చేశాడు. లైను కలవలేదు. మళ్ళీ. మళ్ళీ.

అనన్య పాదం నీలంగా మారింది.

"విషం," అన్నాడు అంకుల్.

శశికాంత్ తాడు ఇంకో చుట్టు చుట్టి బిగించాడు.

ఆరోసారికి లైను కలిసింది. అవతల ముసలి గొంతు. తొందర లేదు.

పేరు అడిగాడు. వయసు అడిగాడు. తర్వాత అడిగినవి మంత్రగాడు అడిగేవిలా లేవు. రెప్పలు వాలుతున్నాయా? ఉమ్మి మింగగలుగుతోందా? కాలు ఏ రంగులో ఉంది?

"నీలంగా ఉందండీ. తాడు గట్టిగానే కట్టాను."



"ముడి ఉన్నచోట నా మంత్రం దిగదు నాయనా. వేలు దూరేంత వదులు చెయ్యి."

శశికాంత్ ముడి మీద చెయ్యి వేసి ఆగాడు. వదులు చేస్తే విషం గుండెకు పోతుంది. చేయకపోతే మంత్రం దిగదు. అంకుల్ వైపు చూశాడు. అంకుల్ కళ్ళు మూసుకుని తలూపాడు.

వదులు చేశాడు.

"కొయ్యొద్దు. నోటితో పీల్చొద్దు. పిల్లని నడిపించొద్దు. ఇప్పుడు ఆంబులెన్సుని పిలువు."

"మరి మంత్రం?"

"సగం వేశా. మిగతా సగం ఆస్పత్రి మంచం ఎక్కాకే పనిచేస్తది. దారిలో ఆలస్యం చేశావో, వేసింది కూడా పోద్ది."

అంకుల్ తన సెల్ ఫోన్లో ఆంబులెన్సుకు చెప్పాడు. అది వచ్చేదాకా రిసీవరు అనన్య చెవి దగ్గర పెట్టమన్నాడు ముసలాయన. ఆమెతో ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు. ఎగిరెగిరి పడుతున్న ఆమె ఊపిరి మెల్లగా దారిలో పడింది. తర్వాత అడిగితే చెప్పింది, మంత్రం ఒక్క ముక్క కూడా చదవలేదని. పొద్దున ఏం తిన్నావమ్మా, మీ అమ్మ పేరేంటి, అని అడిగాడట.

ఆస్పత్రిలో డాక్టరమ్మ, వాళ్ళు బిస్కెట్ల డబ్బాలో వేసి తెచ్చిన చచ్చిన పామును ఒక్క చూపు చూసింది.

విషం లేని పాము. ఇక్కడి ఇళ్ళలో బల్లుల కోసం తిరుగుతుంటుంది. కట్లపాములా కనిపిస్తుంది, అంతే అంది.

తర్వాత చీలమండ చుట్టూ ఉన్న గాడిని చూసి ఆమె ముఖం మారింది. ఎంతసేపు కట్టారని అడిగింది. ఇంకో రెండు గంటలు అలాగే ఉంటే పాదం తీసేయాల్సి వచ్చేదని చెప్పింది. ఎవరు వదులు చేయమన్నారని కూడా అడిగింది.

అంకుల్ మాత్రం బయటికొచ్చి గర్వంగా అన్నాడు. "చూశావా? విషం లేకుండా చేసేశాడు."

జనవరి ఒకటి గడిచింది. కంప్యూటర్లు ఆగలేదు. కానీ ఇద్దరికీ సెలవు మే నెలలో గానీ దొరకలేదు.

తెనాలిలో దిగగానే పంచెల చాపు, పళ్ళు కొని, వాకబు చేసుకుంటూ బాపట్ల పక్క ఊళ్ళో ఆ ముసలాయన ఇంటికి వెళ్ళారు. ఆయన పేరు కృష్ణప్రసాద్ అని అప్పుడే తెలిసింది.

ఆయన పోయి పదిహేను రోజులైంది.

భార్య ప్రభావతమ్మ మంచినీళ్ళిచ్చి, వాళ్ళు చెప్పిందంతా విన్నది. అనన్య కాలు కాసేపు ఒళ్ళో పెట్టుకుని చూసింది.

"అంత గొప్ప మంత్రం ఆయనకి ఎవరు నేర్పారమ్మా?" అడిగింది అనన్య.

"ఆయనకి మంత్రం ఎక్కడిదే తల్లీ. మంత్రాలాయన ఎనిమిదేళ్ళ క్రితమే పోయాడు. ఆ ఇంటివాళ్ళ కాళ్ళావేళ్ళా పడి ఫోను ఇక్కడికి మార్పించుకున్నాడు ఈయన. పెద్దాసుపత్రి డాక్టర్ని అడిగి ఏం చెప్పాలో కాగితం మీద రాయించుకున్నాడు. మంత్రం అని చెప్పకపోతే జనం ఫోను పెట్టేసేవాళ్ళు."

"ఎందుకంత కష్టం?"

ఆమె గోడవైపు చూసింది. కొత్త ఫొటో పక్కన పాతది ఇంకొకటి. రెండు జడల పిల్ల.

పదేళ్ళ క్రితం అదే నంబరుకు ఫోన్ చేసి, మంత్రం పడింది ఇక భయం లేదన్న మాట నమ్మి, కూతుర్ని ఆస్పత్రికి తీసుకెళ్ళకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తండ్రి ఆయన.