మునిలక్ష్మికి వచ్చిన మంచిపేరు

“ఆ పాప సూది వేస్తే నొప్పే తెలీదంటనే! నేనూ ఆ గదికే పోతాలేమ్మా” అంటూ సొన్నమ్మ లేచి వెళ్ళిపోయింది. ఆమె చేతిలోని కనకాంబరాల దండ కూడా పక్క గదికే పోయింది. మునిలక్ష్మికి అసలు మండింది అందుకే. ఏళ్ళ తరబడి ప్రతి శుక్రవారం ఆ దండ తన జడలోకే వచ్చేది.

హొసకోటెలో డాక్టర్ వెంకటరాయప్ప ఆసుపత్రి చిన్నదే. రెండు గదులు, ఇద్దరు నర్సులు. మొదటి గది మునిలక్ష్మిది. రెండోది మొన్న ఉగాదికి చేరిన స్వప్నది. అప్పటినుంచి ఆ గది ముందు బెంచీ మీద చోటుండదు. ఈ గది ముందు బెంచీ మీద పిల్లి నిద్రపోతోంది.

మధ్యాహ్నం డాక్టరు ఇద్దరినీ పిలిచాడు. పక్కన ఆయన కూతురు అర్పిత ఉంది. ఆసుపత్రులు నడిపే చదువు బెంగుళూరులో ఈమధ్యే పూర్తిచేసింది.

“సోమవారం నుంచి మా అర్పిత బయట కూర్చోని పేషంట్లను అడుగుతాది. ఇక్కడ ఏం బాగుండాది, ఏం బాగలేదు అని. వాళ్ళ మాట విన్నాకనే ఎవరు ఎక్కడ ఉండల్లో చూస్తాను. మనోళ్ళు ఊరికే నోరు తెరవరు. ఈ వారమంతా ఎవరి గదిలోవాళ్ళకి వాళ్ళు చెప్పి తయారు చేయండి. ఉండేది ఉండేట్టు చెప్పమనండి.”

పరీక్ష రాసేవాళ్ళ చేతికే ప్రశ్నపత్రం ఇచ్చినట్టయింది. పాపం, పెద్దాయనకు మందులు తెలిసినంతగా మనుషులు తెలియరు.

‘ఎవరు ఎక్కడ ఉండల్లో’ అన్న మాట మునిలక్ష్మికి ముల్లులా గుచ్చుకుంది. మందుల బీరువా తాళాలు, పెద్ద నర్సమ్మ అన్న పిలుపు, అన్నీ ఇక ఆ నిన్నగాక మొన్న వచ్చినదానివే.

మర్నాడు చెన్నయ్య కాలిపుండుకు కట్టు కడుతూ మొదలుపెట్టింది.

“సోమవారం అర్పితమ్మ అడుగుతాది. మునిలక్ష్మి లేకుంటే ఈ ఆసుపత్రి ఒక్క దినమూ నడవదని చెప్పప్పా. స్వప్న ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే అను.”

“ఆ పాప మంచిదే కదమ్మా?”

“కట్టు మెల్లగా కట్టల్లా, బిగించి కట్టల్లా?”

చెన్నయ్య వెంటనే ఒప్పుకున్నాడు. మిగతావాళ్ళకు కట్టు దాకా కూడా పోనక్కర్లేకపోయింది.

సోమవారం అర్పిత వరండాలో కుర్చీ వేసుకుంది. మునిలక్ష్మి కిటికీ వెనక దూది మడుస్తూ చెవి అటే పడేసింది. చెన్నయ్య ఒక్క ముక్క తప్పకుండా ఒప్పజెప్పాడు. అతని వెనక వచ్చినవాళ్ళూ అంతే.

తర్వాత స్వప్న గదిలోంచి సొన్నమ్మ వచ్చింది. మునిలక్ష్మి కిటికీకి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

“మునిలక్ష్మి బంగారట్లా మనిషి. ఆయమ్మను మాత్రం ఈడనుంచి కదిలించొద్దు తల్లీ” అంది సొన్నమ్మ.

మునిలక్ష్మి చేతిలో దూది జారిపోయింది. ఆ గదిలోంచి వచ్చిన ప్రతివాళ్ళదీ అదే పాట. పోయిన నెల తనతో జగడమాడిన ఎల్లమ్మ కూడా అదే అంది. మునిలక్ష్మి కళ్ళు చెమర్చాయి. ఇంతమంది తనను ఇంతగా తలుచుకుంటారనుకోలేదు. గెలిచిన ఊపులో స్వప్న మీద కాస్త జాలి కూడా పడింది.

శనివారం డాక్టరు మళ్ళీ ఇద్దరినీ పిలిచాడు.

“దేవనహళ్ళిలో కొత్త ఆసుపత్రి తెరుస్తా ఉండాను. ఇంతకంటే చాలా పెద్దది. దాని పెత్తనమంతా నీ చేతిలో పెట్టల్లనుకున్నా మునిలక్ష్మీ. జీతం రెండింతలు, ఉండేదానికి ఇల్లు. కానీ నిన్ను కదిలిస్తే ఈ ఊరోళ్ళు ఊరుకునేట్టు లేరు. స్వప్న లేకపోయినా ఇబ్బంది లేదని వాళ్ళే చెప్పినారు. అందుకే స్వప్నను పంపిస్తా ఉండాను.”

మునిలక్ష్మి వరండాలోకి వచ్చింది. వెనకే వచ్చిన స్వప్న ముఖంలో ఆశ్చర్యమన్నది మచ్చుకైనా లేదు.

“దేవనహళ్ళి సంగతి నీకు ముందే తెలుసునా?” అంది మునిలక్ష్మి.

స్వప్న ఆమె చేయి మెల్లగా పట్టుకుంది.

“తెలీకుంటే మా గదిలోవాళ్ళకి మీ పేరే చెప్పమని ఎందుకు నేర్పిస్తానక్కా?”