వెలుగు ఎటుంటే అటు

నలభైమంది పిల్లలు ఇసకలో బోర్లా పడుకుని ఉన్నారు. ఒక్కొక్కరి వీపు మీద ఒక అట్టడొప్ప, తలకి పిండిసంచి గుడ్డతో కుట్టిన ముసుగు.

ఆ ముసుగులోంచి మనుషులు కనిపించరు. వెలుగు ఎటుందో మాత్రం తెలుస్తుంది. తను పెట్టుకుని చూసుకుని మరీ కుట్టించింది టీచరమ్మ.

టీచరమ్మ అంటే బోర్డుల మేస్త్రికి వదిన, అతని భార్యకి స్వయానా అక్క. ఈ ఒడ్డుకి గుడ్లు పెట్టడానికొచ్చే సముద్రపు తాబేళ్ళ మీదున్న బెంగ ఆవిడకి కన్నబిడ్డల మీద కూడా లేదని ఇంటిల్లిపాదీ ఆటపట్టిస్తారు.

ఇసకలోంచి పైకొచ్చిన తాబేలు పిల్ల వెలుగు ఎటుంటే అటు పోతుంది. వెనకటికి ఆ వెలుగు సముద్రం మీద ఉండేది. ఇప్పుడు రోడ్డు మీద ఉంటోంది. తెల్లారేసరికి పిల్లలన్నీ రోడ్డు ఊడ్చేవాళ్ళ చేటల్లో తేలుతున్నాయి.

అందుకే ఈ ఆట. చూడవచ్చిన వాళ్ళంతా అర్జీ మీద సంతకాలు పెడితే, గుడ్లు పగిలి పిల్లలొచ్చే ఈ రెండు నెలలూ సముద్రం వైపు దీపాలు ఆర్పించొచ్చని ఆవిడ ఆశ.

మేస్త్రి మాత్రం పెట్టలేదు.

"లైటు బోర్డులు చేసేవాణ్ణి. నేనే ఆర్పెయ్యమంటే మా ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదు వదినా."

"మీరు పెట్టకండి మరిదీ. పిల్లనైనా పంపండి."

పంపాడు. ఆరేళ్ళది, ఇంట్లో పిలుపు పిడుగు. ఆ నలభైలో ఎక్కడో ఉంది. అందరికీ ఒకే డొప్ప, ఒకే ముసుగు అయ్యేసరికి కన్నతండ్రి కూడా పోల్చుకోలేకపోయాడు.

అతను రోడ్డుకి అవతల, ఒడ్డుకి ఎదురుగా ఉన్న హోటల్ ముందు, నిచ్చెన పక్కన, స్విచ్ బాక్సు దగ్గర నిలబడి ఉన్నాడు. తలెత్తితే మూడు నెలలు ప్రాణం పెట్టి చేసిన బోర్డు. నలభై అడుగుల కెరటం, నిండా బల్బులే. ఓ మూల చిన్న అక్షరాల్లో తన పేరు. ఇరవయ్యేళ్ళ పనిలో పేరు వేసుకోనిచ్చిన ఓనరు ఈయనొక్కడే.

ఇది బాగా వెలిగితే మిగతా ఆరు హోటళ్ళ బోర్డులూ నీవేనన్నాడు ఓనరు. ఈ సాయంత్రమే మొదటిసారి వెయ్యడం. ఆ సంగతి టీచరమ్మకి చెప్పాలని ఎవరికీ తట్టలేదు.

ఆవిడ మైకులో చెబుతోంది. "ఎవరు పిలిచినా ఆగకండి, పలక్కండి. తాబేలు పిల్లకి పిలిచే అమ్మ ఉండదు. వెలుగు ఎక్కువ ఎటుంటే అటు పాకడమే."

పిల్లలు నీళ్ళలోకి పోతారేమోనని, పాపం, పెద్దవాళ్ళంతా మోకాలిలోతు నీళ్ళలో చేయీ చేయీ పట్టుకుని కాపలా నిలబడ్డారు. రోడ్డు వైపు పురుగు కూడా లేదు. అటెవరు పోతారులే అనుకున్నారు.

పొద్దు గూకింది. ఈల మోగింది.

"వెయ్యవయ్యా," అన్నాడు ఓనరు.

మేస్త్రి స్విచ్ వేశాడు.

కెరటం ఒక్కసారిగా లేచింది. ఓనరు నోరు తెరిచి చూస్తుండిపోయాడు. మేస్త్రికి ఛాతీ ఉప్పొంగింది. తన చేత్తో బిగించిన బల్బులే, అయినా చూపు తిప్పుకోలేకపోయాడు.

తిప్పుకునేసరికి డొప్పలన్నీ తన వైపే వస్తున్నాయి.

జనం మొదట నవ్వారు. కొందరు చప్పట్లు కూడా కొట్టారు. ఆ తర్వాత ఎవరికో రోడ్డు మీద బస్సులు కనిపించాయి.

"ఆగండర్రా, ఆగండి," టీచరమ్మ మైకులో అరిచింది. ఆవిడ మాటే పట్టుకుని పాకుతున్నారు, ఇంకేం ఆగుతారు. నీళ్ళలోని పెద్దవాళ్ళు పరుగు అందుకున్నారు గానీ తడి ఇసక కాళ్ళు లాగేస్తోంది.

"పిడుగూ," మేస్త్రి పిలిచాడు.

ఒక్క తలా లేవలేదు. ఏది తన పిల్లో తెలియక, అన్నిటి కోసమూ అతని ప్రాణం విలవిల్లాడింది.

అన్నిటికన్నా ముందున్న డొప్ప రోడ్డు అంచు దాకా వచ్చేసింది. చిన్న చెయ్యి అంచురాయిని తడుముతోంది.

మేస్త్రి స్విచ్ ఆపేశాడు.

"ఏం చేశావయ్యా," అన్నాడు ఓనరు.

మేస్త్రి వినలేదు. అతనికి సముద్రం కనిపించింది.

ఆకాశం అంచు నుంచి ఒడ్డు దాకా నీళ్ళన్నీ తెల్లగా వెలుగుతున్నాయి. ఏ తీగా లేదు, ఏ బల్బూ లేదు. ఇరవయ్యేళ్ళుగా ఇదే ఒడ్డున, ఇదే వేళకి, దానికి వీపు పెట్టి నిచ్చెన మీద నిలబడ్డాడు. ఇంత వెలుగు తన వెనకాలే ఉందని తెలియనే తెలియదు.

డొప్పలన్నీ ఆగాయి. ముసుగులు అటూ ఇటూ తిరిగాయి. ముందు ఒకటి మళ్ళింది, తర్వాత నాలుగు, తర్వాత అన్నీ.

పరిగెత్తుకొస్తున్న పెద్దవాళ్ళు నిలబడిపోయి, పక్కకి తప్పుకుని దారిచ్చారు. టీచరమ్మ మైకు కింద పెట్టేసింది. అంత జనంలోనూ ఇసక మీద అట్టలు రాసుకునే చప్పుడే వినిపించింది.

రోడ్డంచు నుంచి మళ్ళినది అందరికన్నా వెనక పడింది. కాస్త పాకి, ఆగి, మళ్ళీ పాకింది. ఎత్తుకుందామని ఎవరూ ముందుకు రాలేదు. దాని వెనకే రోడ్డు దాటి ఇసకలోకి దిగిన మేస్త్రి, అది పిడుగేనా అన్న సంగతి కూడా మరిచిపోయాడు. దాని చెయ్యి నీళ్ళకి తగిలేదాకా చూస్తూనే ఉన్నాడు.

ఓనరు ఎప్పుడు ఇసకలోకి దిగాడో, పక్కనే ఉన్నాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"అందరూ వెళ్ళిపోయారు కదా. ఇప్పుడు వేద్దామా?"

మేస్త్రి ఇసక వైపు చూశాడు.

"లోపల ఇంకా ఎన్ని ఉన్నాయో తెలీదండీ."

ఓనరు కిందికి చూశాడు. ఎత్తిన కాలు ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే ఉండిపోయాడు.