ఆపిల్ పూతలో దుప్పి

"ఈ దుప్పికి కొమ్ములు చాలవు," అన్నాడు ప్లాటే, భూతద్దం కంటికి ఆనించి. "ఎనిమిది కొనలేనా? పెద్దదొర తుపాకి మీద పన్నెండైనా ఉండొద్దూ?"

ఎమిల్ నవ్వు కనబడకుండా తల దించుకున్నాడు. "ఉక్కు మీద చెక్కింది చెరిపితే పోదయ్యా. పలక మార్చి మళ్ళీ చెక్కాలి. మూడు నెలలు పడుతుంది."

"పట్టనీ. అక్కడ మనవాళ్ళు రష్యా మంచులో రక్తం ధారపోస్తుంటే నీకు నాలుగు కొనలు బరువయ్యాయా?"

నిగనిగలాడే బూట్లు టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయాడు.

జర్మనీలోని జూల్‌లో ఊరు ఊరంతా యుద్ధపు తుపాకులు చేస్తుంటే, ఎమిల్ బల్ల మీద మాత్రం వేట తుపాకి తయారవుతోంది. బెర్లిన్‌లోని పెద్దదొరకి నాజీ పార్టీ జిల్లా శాఖ ఇచ్చే కానుక అది. చేయించే పెత్తనం పార్టీ మనిషి ప్లాటేది. అది పూర్తయ్యేదాకా ఎమిల్‌ని సైన్యంలోకి పిలవకూడదని ముద్ర వేసిన కాగితం ఉంది. పూర్తయిన మర్నాడే రష్యా. ఆ వీధి నించి వెళ్ళినవాళ్ళలో తిరిగొచ్చింది ఒక్కడు, అదీ ఒంటికాలితో.

"నలభై దుప్పుల్ని కొట్టాడట ఈ ప్లాటే, మహా వేటగాడు," అని నవ్వేది ఎమిల్ భార్య ట్రౌడె, తుపాకి చెక్కకి నూనె పట్టిస్తూ. "ఆ కళ్ళతో ఆవునైనా ఆనవాలు పట్టలేడు. పోన్లే, ఆ గుడ్డితనం చల్లగా ఉండాలి."

వేసవిలో కుందేలు తీసేసి నక్కని పెట్టమన్నాడు ప్లాటే. చలికాలంలో నక్క మొహం దిగులుగా ఉందన్నాడు. అలా ఏడాది గడిచింది. చివరికి బెర్లిన్ నించి కబురొచ్చింది. శుక్రవారం అధికారి వస్తున్నాడు, తుపాకి ఆయన చేతికివ్వాలి.

గురువారం ట్రౌడె అంది, "దుప్పి వెనక చెక్కిన ఆ ఎండు ఆపిల్ చెట్టుకి పూత పెట్టు."

"మతిపోయిందా? ఆపిల్ పూసే రోజుల్లో దుప్పికి కొమ్ములెక్కడివే? రాలిపోయి ఉంటాయి. మా తాతల నాటి నించీ ఇదే పని మాది. ఊరంతా నవ్వుతుంది."

"నవ్వనీ. నిన్ను చూసి నవ్వాలన్నా నువ్వు బతికుండాలిగా."

ఎమిల్ ఉలి తీసుకున్నాడు.

శుక్రవారం బెర్లిన్ అధికారి తుపాకిని ఒక్క చూపు చూసి, "బాగుంది, కట్టండి," అన్నాడు. ట్రౌడె చేతిలో నూనెగుడ్డ ఆగిపోయింది. ఇక మిగిలింది ప్లాటే. ఆ గుడ్డివాడికి కనబడుతుందా?

ప్లాటే చాలాసేపు చూశాడు. మొహం ఎర్రబడింది.

"పూత పూసిన చెట్టు కింద కొమ్ముల దుప్పా? దీన్ని పట్టుకుని పెద్దదొర వేటగాళ్ళ మధ్య నిలబడితే ఆయన పరువేం కాను? రేపు ఆయన కోపానికి జవాబు మీరు చెప్తారా?" అన్నాడు అధికారితో.

అధికారి ఒక అడుగు వెనక్కి వేశాడు. "నాకెందుకు? మళ్ళీ చేయించండి." శరదృతువు దాకా గడువు రాసిచ్చి కారెక్కాడు.

ప్లాటే తీరిగ్గా చేతితొడుగులు తొడుక్కున్నాడు.

"పూత ఆలోచన మీదేనా అమ్మా?" అన్నాడు గొంతు తగ్గించి.

ట్రౌడె నూనెగుడ్డ మడతపెట్టింది. "పొరపాటయిందయ్యా."

ప్లాటే కిటికీలోంచి కారు వైపు చూశాడు.

"ఈ తుపాకి పూర్తయితే నేనూ రష్యా వెళ్ళాలమ్మా."