నలభయ్యో మంచం

"మంచాలన్నీ నిండిపోయాయి తాతా, తెల్లారాక రా!" అని షెల్టర్ వాచ్‌మన్ తలుపు తీయకుండానే అరిచాడు. తొమ్మిదింటి నుంచీ ఇది ఆరోసారి. బయట మంచు కురుస్తోంది, గడ్డకట్టే చలి. ఆ ముసలాయన బతిమాలడు, తిట్టడు, కాసేపాగి మళ్ళీ మెల్లగా తడతాడు, అంతే.

ఒంటిగంటకి తట్టడం ఆగింది. "ఇక తియ్యక్కర్లేదు బాబూ," అని గొంతు వినిపించింది. "చలి పోయింది. ఒకటే ఉక్కగా ఉంది. స్వెట్టర్ కూడా తీసేశా."

వాచ్‌మన్‌కి నవ్వొచ్చింది. "విన్నావా అక్కా, తాతకి ఉక్కపోస్తోందట!"

డ్యూటీ నర్సు నవ్వలేదు. టీ గ్లాసు పక్కన పెట్టి చటుక్కున లేచింది. "చలికి పోయేవాళ్ళకే చివర్లో అలా అనిపిస్తుందిరా సన్నాసీ! తలుపు తియ్!"

మెట్ల మీద ముసలాయన బోర్లా పడి ఉన్నాడు. ఒళ్ళు కర్రలా బిగుసుకుపోయింది. వీపు మీద జానెడు మంచు పేరుకుని ఉంది.

"నువ్వు మొదటిసారి పొమ్మన్న కాసేపటికే పోయినట్టున్నాడు," అంది నర్సు.

"ఇప్పుడే మాట్లాడాడు కదక్కా!"

నర్సు వంగి ఆయన భుజాలు పట్టుకుంది. ఇద్దరూ ఆయన్ని లోపలికి మోసుకొచ్చి గడియ వేశారు. "అన్నీ నిండాయన్నావుగా, మరెక్కడ పడుకోబెడదాం?"

వాచ్‌మన్ తల దించుకుని, మూలనున్న నలభయ్యో మంచం చూపించాడు. రోజూ తను పడుకునేది అక్కడే. దుప్పటి ఇంకా వెచ్చగానే ఉంది.

అదే దుప్పటి శవానికి కప్పుతుంటే, తలుపు అవతల నుంచి ముసలాయన గొంతు జాలిగా అడిగింది.

"మరి నువ్వెక్కడ పడుకుంటావు బాబూ?"